దారం కొరికే పన్ను

తిరువనంతపురం,
12 జనవరి 2025

చిన్నమ్మా,

ముందు మగ్గం దగ్గర నుంచి లేచి కుర్చీలో కూర్చో. చేతిలో సూది ఉంటే పక్కన పెట్టు. ఇప్పుడు చదువు.

మాకు అనుమతి వచ్చేసింది. నాలుగేళ్లుగా నేను కలుపుతూ, విరగ్గొడుతూ, మళ్లీ కలుపుతూ ఉన్న ఆ తెల్ల పేస్టు ఇక మనుషుల నోట్లోకి వెళ్లబోతోంది. మెయిల్ చదివి ల్యాబ్ బయట వరండాలో ఒక్కదాన్నే గెంతాను. మా ప్రాజెక్టుకు పెద్ద చలపతిరావు సార్ చూసి, "కాలు విరిగితే దాన్ని మన పేస్టుతో అతకలేం నవీనా" అన్నారు. నవ్వడం ఆయనకు అలవాటు లేదు. ఆ రోజు నవ్వారు.

ఇంతకూ అక్కడ ఏం చేస్తావే అని ప్రతి ఉత్తరంలో అడుగుతావు కదా, ఈసారి సరిగ్గా చెబుతాను. విరిగిన పన్నును డాక్టర్లు తెల్లటి పేస్టుతో నింపుతారు. వేసేటప్పుడు మెత్తగా ఉంటుంది, నీలం లైటు చూపిస్తే అక్కడికక్కడే గట్టిపడుతుంది. అందులో ముఖ్యమైనవి రెండే, జిగురు, గాజుపొడి. గట్టిదనమంతా గాజుపొడిది, కానీ జిగురుతో దానికి పొత్తు కుదరదు. నెయ్యి చాలని రవ్వలడ్డు నోటిదాకా రాకుండానే రాలిపోతుంది చూడు, అరిగేకొద్దీ పొడి అలా రాలిపోతుంది. నేను కంటికి ఆననంత సన్నటి నానో రేణువులు తీసుకుని ఒక్కొక్కదానికీ కొత్త పూత వేశాను. ఆ పూత ఒక చేత్తో గాజును, ఇంకో చేత్తో జిగురును పట్టుకుని వదలదు. నా నాలుగేళ్ల పని అంతా ఆ పూతే.

ఇక దీన్ని బజారులో దొరికే పేస్టుతో పోల్చి చూడాలి. ఆరు నెలలు నోట్లో ఉన్నాక మాది ఎక్కువ నిలిచిందని తేలితే ముందుకు పోతాం. రెండూ ఒకటే అని తేలితే ప్రాజెక్టు మూసేస్తారు. పరీక్ష జరిగే చోట్లలో పంజాగుట్టలోని ఒక పళ్ల క్లినిక్కు కూడా ఉంది, డాక్టర్ సుమశ్రీ గారిది. మీకు ఎంత దగ్గరో చూడు. ముందుపన్ను విరిగినవాళ్లు, అరిగినవాళ్లు కావాలి. కానీ కొత్త మందు అనగానే భయపడి ఎవరూ రావడం లేదట. అలాంటివాళ్లు ఎక్కడ దొరుకుతారో ఏమో.

ఫోన్లో ఇదంతా చెబితే "మంచిది బిడ్డా, తిన్నవా" అని పెట్టేస్తావు. గురుకులంలో ఫోన్లు లేని రోజుల్లో పదిహేను రోజులకోసారి నువ్వు రాసిన ఉత్తరాలతో పెరిగినదాన్ని. పెద్ద కబురు అంటే నాకు ఇప్పటికీ కాగితమే.

నేల మీద కాలు ఆనని
నవీన

—

అమీర్‌పేట,
26 జనవరి 2025

నవీ బిడ్డా,

నీ ఉత్తరం నేను రెండుసార్లు చదువుకుని, మూడోసారి మగ్గం మీద అందరికీ వినిపించాను. రవ్వలడ్డు మాట దగ్గర బతూల్ నవ్వి నవ్వి సూది గుచ్చుకుంది.

అరిగిన ముందుపన్ను ఎక్కడ దొరుకుతుందో తెలియదా నీకు? మీ చిన్నమ్మ ఏ పని చేస్తుందో మరిచిపోయావా? మైత్రీవనం వెనక గల్లీలో మగ్గం పని చేసేవాళ్లను వరసగా నిలబెట్టి నోరు తెరిపించు. అందరి ముందుపన్నూ ఒకేచోట గాడి పడి ఉంటుంది. జర్దోసీ కుట్టేటప్పుడు ఒక చెయ్యి బట్ట కింద, ఒక చెయ్యి పైన. కత్తెర పట్టడానికి మూడో చెయ్యి ఎక్కడిది? దారం పంటికి ఆనించి టక్కున కొరకడమే. ఏళ్ల తరబడి కొరికితే దారం తన చోటు తానే కోసుకుంటుంది. గాడి పడనివాణ్ణి మా అజీమ్ మాస్టర్ పనివాడి లెక్కలోనే పెట్టడు.

అందుకని పోయిన ఆదివారం నాతో కలిపి పన్నెండు మందిని పోగుచేశాను. అజీమ్ మాస్టర్, బతూల్, కొక్కెం సూదితో ఆరీ పని చేసే మంజూష, పక్క దుకాణం ప్రమోద్, ఇంకా ఎదురు గల్లీవాళ్లు. అందరం మెట్రో ఎక్కి ఒక్క స్టేషన్ అవతల దిగాం. అంతమందిమి ఒక్కసారి లోపలికి పోయేసరికి గొడవకు వచ్చామనుకుని రిసెప్షన్ అమ్మాయి లేచి నిలబడింది. డాక్టరమ్మ ముఖం మాత్రం ఒక్కొక్కరి నోరు చూసేకొద్దీ వెలిగిపోయింది. ఇన్నాళ్లు ఎక్కడున్నారమ్మా మీరంతా అంది.

పేస్టు రెండు రకాలుగా ఉంటుందని ఆమె నిదానంగా చెప్పబోయింది. నేనే అడ్డం వచ్చి, మాకు తెలుసమ్మా, మా పిల్ల చేసిందే కదా అని, పళ్ల రంగుల పట్టీ చూపించి, ఒకటి తెల్లది ఒకటి జర పసుపుది అని మావాళ్లకు చెప్పేశాను. కాగితాల మీద సంతకాలు పెట్టించాను. వారం తిరిగేలోపు అందరివీ నింపేశారు. నీలం లైటు పెట్టినప్పుడు అజీమ్ మాస్టర్ బతూల్‌తో, "నోట్లె పెండ్లి లైటింగ్ పెట్టిన్రు, ఇగ బ్యాండే తక్కువ" అన్నాడు.

నాదీ నిండింది. అద్దంలో చూసుకుంటే ఇంకెవరి నోరో అనిపించింది. నువ్వు చేసిన వస్తువు నా ఒంట్లో భాగమైపోయింది నవీ. ఆ సంతోషం నీకెలా చెప్పాలో తెలియడం లేదు.

నిండు పంటితో
నీ చిన్నమ్మ హైమవతి

—

తిరువనంతపురం,
4 ఫిబ్రవరి 2025

చిన్నమ్మా,

నీకు దండం పెట్టాలో నీతో పోట్లాడాలో తెలియక రెండు రోజులు ఆగి రాస్తున్నాను.

మేము అన్నం తినేవాళ్లు, జామకాయ కొరికేవాళ్లు వస్తారనుకున్నాం. రోజంతా దారాన్ని రంపంలా పంటి మీద ఆడించేవాళ్లను నువ్వు తీసుకొచ్చావు. చలపతిరావు సార్ విని కళ్లద్దాలు తీసి బల్ల మీద పెట్టారు. మీరు అలాగే కొరికితే ఆరు నెలల్లో ఏ పేస్టయినా ఊడిపోతుంది. అన్నీ ఊడితే రెండూ ఒకటే అని రాస్తారు. అక్కడితో నా పని అయిపోతుంది.

నువ్వు నా చిన్నమ్మవని డాక్టర్ గారు కమిటీకి తెలిపారట. సిరంజీల మీద నంబర్లే ఉంటాయి, ఎవరికి ఏది వెళ్లిందో ఆమెకూ తెలియదు, నాకూ తెలియదు. అందుకని నువ్వు ఉండవచ్చన్నారు. ఆ సంగతి సరే. నువ్వు చేయాల్సింది ఒక్కటే. మగ్గం మీద ఎవరూ దారం కొరకొద్దు. కత్తెర వాడండి. నా మీద ఏమాత్రం ప్రేమ ఉన్నా కత్తెర వాడండి.

నీ నవ్వు ఎలా ఉందో చూడాలని మాత్రం చాలా ఉంది. ఒక ఫోటో పంపు, నోరు మూసుకుని కాదు.

గుండె చేత్తో పట్టుకున్న
నవీన

—

అమీర్‌పేట,
23 ఫిబ్రవరి 2025

నవీ,

కత్తెర సంగతి నువ్వు ఫికర్ చేయకు. జనరల్ బజారుకు పోయి చిన్న చిన్న కత్తెరలు తెచ్చి తాడు కట్టి అందరి మెడలో వేశాను. బడిపిల్లల గుర్తింపు కార్డుల్లా వేలాడుతున్నాయి. ఏ పంటికి ఏ రంగు పడిందో మాకూ పట్టింపు లేదులే.

పని మాత్రం నత్తలా సాగుతోంది. దారం వదిలి కత్తెర పట్టాలి, కత్తెర వదిలి దారం వెతకాలి. అజీమ్ మాస్టర్ పొద్దస్తమానం గొణుగుతూనే ఉన్నాడు. "పెండ్లిపిల్ల పీటల మీద కూసుంటది, జాకెట్ మగ్గం మీదనే ఉంటది హైమక్కా" అంటాడు. అననీ. నేనైతే ఆ పంటితో సకినం కూడా కొరకడం లేదు, చేత్తో విరిచి పక్కపళ్లతో నములుతున్నాను. నీ కష్టం నా నోట్లో ఉందని తెలిసి ఎలా కొరుకుతాను?

ఫోటో పంపుతున్నాను. కళ్లు మూసుకున్నాను గాని పన్ను బాగా పడింది.

మీ చిన్నమ్మ

—

తిరువనంతపురం,
11 మే 2025

చిన్నమ్మా,

మూడో నెల చూపు అయిపోయింది. ఎక్కడా ఎవరి పన్నూ విరగలేదు. మీ కత్తెరలకు నా సలాం. సార్ ఇప్పుడు నన్ను పేరు పెట్టి పిలవడం మానేసి, "మగ్గం వారి అమ్మాయి" అంటున్నారు.

అయితే ఇంకో చిక్కు ఉంది. బజారు పేస్టు కూడా విరగలేదు. మెత్తగా తినేవాళ్ల నోట్లో ఏదైనా మూడు నెలలు నిలుస్తుందని సార్ ముందే అన్నారు. ఆగస్టులో ఆఖరి చూపు. అప్పటికి తేడా కనిపించాలి. రాత్రి పడుకునేటప్పుడు రేణువులకు దండం పెట్టుకుంటున్నాను, ఎవరికీ చెప్పకు.

అజీమ్ మాస్టర్‌కు నా సలాం, బతూల్‌కు, మంజూషకు నమస్తే.

ఆశ చావని
నవీన

—

అమీర్‌పేట,
13 జూలై 2025

నవీ తల్లీ,

ఇప్పుడు ఒక మాట చెబుతాను, కోపం తెచ్చుకోకు. మెచ్చుకుంటే మెచ్చుకో.

మార్చిలో పెళ్లి జాకెట్లు మీద పడ్డాక నేను తప్ప ఎవరూ కత్తెర ముట్టలేదు. అజీమ్ మాస్టర్ తనది తీసి మేకుకు తగిలించాడు. దాని వెంట అన్నీ మేకు ఎక్కాయి. నీకు రాస్తే దిగులు పడతావని రాయలేదు. అప్పటికి ఎవరి పంటికీ ఏమీ కాలేదు కూడా. మే నెలాఖరుకు అజీమ్ మాస్టర్ పన్ను మీద ముక్క లేచిపోయింది. పది రోజులకు మంజూషది పోయింది, ఆ తర్వాత బతూల్‌ది, నిన్నమొన్న ప్రమోద్‌ది.

ఆగస్టులో డాక్టరమ్మ ఈ నోళ్లు చూస్తే నీ పని ఏం కావాలి? అజీమ్ మాస్టరే మాట తీశాడు. "నవీన మన పిల్ల. మన నోళ్ల నుంచి దాని పేరు ఖరాబ్ కావొద్దు" అన్నాడు. నలుగురూ బల్కంపేటలో ఒక చిన్న పళ్ల డాక్టరు దగ్గరికి పోయి గుట్టుగా మళ్లీ నింపించుకుని వచ్చారు. పక్కపక్కన నిలబెట్టినా ఏది ఎవరు నింపారో పోల్చలేవు, అంత బాగా కుదిరింది.

కాబట్టి వచ్చే నెల పన్నెండు మందిమి నిండు పళ్లతో పోయి నిలబడతాం. ఒక్కటి కూడా విరగలేదని రాసుకుంటుంది డాక్టరమ్మ. మొన్న బల్కంపేట ఎల్లమ్మ కళ్యాణానికి పోయినప్పుడు ఆ జనంలో నలిగిపోతూ కూడా నీ గురించే మొక్కాను. సగం అమ్మవారు చూసుకుంటుంది, సగం మేము చూసుకున్నాం.

నీ పరువు కాపాడిన
చిన్నమ్మ

—

తిరువనంతపురం,
17 జూలై 2025

చిన్నమ్మా,

ఫోన్ చేశాను. పక్క దుకాణం కుట్టు మెషిన్ల చప్పుడులో నువ్వు ఆ, ఆ అన్నావు తప్ప ఒక్క ముక్కా ఎక్కలేదని నాకు తెలుసు. అందుకే స్పీడ్ పోస్టులో రాస్తున్నాను. ఇది మగ్గం మీద గట్టిగా చదువు.

డాక్టర్ గారు చెప్పిన రెండు రకాలు రెండు రంగులు కావు. సగం మందికి నా పేస్టు వేశారు, సగం మందికి బజారు పేస్టు వేశారు. మీ పన్నెండు మందిలో ఎవరి నోట్లో ఏది ఉందో ఎవరికీ తెలియదు. ఏది విరుగుతుంది, ఏది నిలుస్తుంది అనేదే మొత్తం పరీక్ష. నువ్వు రంగుల సంగతి రాసినప్పుడు చదివి నవ్వుకున్నాను గాని సరిచేయాలని తోచలేదు.

విరిగినవి దాచేస్తే అందరివీ నిలిచాయని రాస్తారు. అంటే రెండూ ఒకటే. ప్రాజెక్టు మూత. మీరు నన్ను కాపాడాలనుకుని చేసిన పని నా పనికే ముగింపు పలికేలా ఉంది.

ఇంకో సంగతి కూడా చెప్పాలి. విరిగిన ఆ నాలుగూ నావే కావచ్చు. అప్పుడు మీరు నిజం చెప్పినందుకే నా పేస్టు పనికిరాదని తేలుతుంది. అయినా చెప్పండి. నా పూత వదిలేస్తుందంటే అది నాకు తెలియాలి. రేపు ఎవరో కూలికి పోయే మనిషి నోట్లో అది విరిగేకంటే ఇప్పుడు తెలియడం నయం. నాకు చాలా భయంగా ఉంది చిన్నమ్మా. అయినా చెప్పండి.

నవీన

—

అమీర్‌పేట,
27 జూలై 2025

నవీ,

చదివాను. చదివి మగ్గం మీద తల వాల్చి ఏడ్చాను. తరవాత లేచాను.

అజీమ్ మాస్టర్ ససేమిరా అన్నాడు. "నా నోట్లె ఇరిగిందని నేనే పోయి చెప్తే, ఆ పిల్ల నాలుగేండ్ల మెహనత్ గంగల కలుస్తది గద అక్కా" అన్నాడు. ఆయన కళ్లలో నీళ్లు చూడటం నాకు అదే మొదటిసారి. నేను అన్నాను, "ఇరిగిందని చెప్పుడే మన పని మాస్టర్. ఏ పేస్టు ఇరిగిందో డాక్టర్లు చూస్కుంటరు. పిల్ల చెప్పమన్నది, చెప్దాం." ఆఖరికి చెప్పులేసుకుని ముందు ఆయనే మెట్లు దిగాడు.

పన్నెండు మందిమీ పంజాగుట్ట పోయి అంతా చెప్పేశాం. డాక్టరమ్మ విని మొదట గట్టిగా కోప్పడింది, పడాల్సిందే. తరవాత బల్కంపేట డాక్టరుకు ఫోన్ చేసింది. ఆయన నయం, నింపే ముందు ప్రతి పంటికీ ఫోటో తీసి పెట్టుకున్నాడట, అవి పంపించాడు. ఏ రోజు విరిగింది, ఏం కొరికితే విరిగింది, అంతా అడిగి రాసుకుంది. కొరికి కూడా విరగనివాళ్లను ఇంకా ఎక్కువసేపు చూసింది. ఎవరెవరు కొరుకుతున్నారని అడిగితే నేను తప్ప అందరూ చెయ్యెత్తారు. ఆమె ముఖంలో ఏముందో నాకు అర్థం కాలేదు.

నీకు మేలు చేయబోయి నీ బతుకు మీదికే తెచ్చానేమో అని తిండి సయించడం లేదు. ఏ కబురైనా సరే, ముందు నాకే రాయి.

చిన్నమ్మ

—

తిరువనంతపురం,
12 సెప్టెంబర్ 2025

చిన్నమ్మా, చిన్నమ్మా, చిన్నమ్మా,

ఏ నంబరు ఏ పేస్టో రాసి మూసిపెట్టిన కవరు నిన్న విప్పారు.

విరిగిన నాలుగింటిలో మూడు బజారు పేస్టువి. ఒక్క ప్రమోద్‌ది మాత్రమే నాది. రోజూ దారం కొరుకుతూ కూడా నిలిచినవాళ్లలో ఎక్కువమంది నోట్లో ఉన్నది నాదే. ఆగస్టు చూపులో తీసిన వాళ్ల పళ్ల అచ్చులు మైక్రోస్కోపు కింద పెట్టి చూశాం. దారం ఆడిన చోట గీత పడింది తప్ప గాడి లేదు. పూత పట్టు వదల్లేదు చిన్నమ్మా.

ఇంకా విను. మిగతా ఊళ్లలో అన్నం తినేవాళ్ల నోట్లో రెండు పేస్టులకూ ఏ తేడా లేదు. ఆరు నెలలు వాళ్లకు చాలలేదు. తేడా కనిపించింది ఒక్క మీ పన్నెండు మందిలోనే. నువ్వు మగ్గంవాళ్లను తీసుకుపోకపోతే, వాళ్లు నా మాట విని కత్తెర వాడి ఉంటే, విరిగినవి దాచి ఉంటే, ఏ ఒక్కటి జరిగినా ఈపాటికి నేను సామాన్లు సర్దుకుంటూ ఉండేదాన్ని. పన్నెండు మంది చాలా తక్కువ, దీన్ని పట్టుకుని ఎగరొద్దు అన్నారు సార్. అలా అంటూనే పెద్ద పరీక్షకు కాగితాలు రాయడం మొదలుపెట్టారు. ఈసారి కావాలనే మగ్గం పనివాళ్లను అడుగుతారట. ప్రాజెక్టు మూయడం లేదు.

పంజాగుట్టలో మొదట నింపింది విరిగినవాళ్లకు ఇప్పుడు నా పేస్టు వేయడానికి అనుమతి ఉంది. అజీమ్ మాస్టర్‌ను, బతూల్‌ను, మంజూషను, ప్రమోద్‌ను పొమ్మను.

ఇక నీ సంగతి. డాక్టర్ గారు నీకు చెప్పవచ్చన్నారు. నీ నంబరు చూశాను. నీ నోట్లో ఉన్నది నాది కాదు, బజారు పేస్టు. సకినం కూడా కొరకకుండా నువ్వు కాపాడింది దాన్నే. అది చదివి నేను నవ్వలేదు, నిజం. ల్యాబ్ తలుపు వేసుకుని కాసేపు ఏడ్చాను.

నీ
నవీన

—

అమీర్‌పేట,
21 సెప్టెంబర్ 2025

బంగారు తల్లీ,

నీ ఉత్తరం చదవగానే గల్లీ అంతా మిఠాయి పంచాను. అజీమ్ మాస్టర్ తనది బజారు పేస్టని తెలిసినప్పటి నుంచి, "నాకు షురూల్నే డౌట్ ఉండె" అని కనిపించిన ప్రతివాడికీ చెబుతున్నాడు. ప్రమోద్ మాత్రం ముఖం చిన్నబుచ్చుకున్నాడు. ఊరుకోరా, నువ్వు లేకపోతే పిల్లకు లోపం ఎక్కడుందో ఎలా తెలుస్తుంది అన్నాను. సరిగ్గానే చెప్పానా?

నిన్న విరిగినవాళ్లందరినీ పంజాగుట్ట తీసుకుపోయాను. ఈసారి నీ పేస్టు అని తెలిసి పెట్టించుకున్నారు. బతూల్ నోరు తెరిచి కూర్చుంటే నీలం లైటు వెలిగింది. అది చూసి నేనూ కుర్చీ ఎక్కుతానన్నాను. డాక్టరమ్మ నా నోరు చూసి, మీ పన్ను గుండ్రాయిలా ఉందమ్మా, బాగున్నదాన్ని నేను తీయకూడదు, విరిగితే రండి అంది. ఎంత బతిమాలినా వినలేదు. అందరూ నీది పెట్టుకుని మెట్రో ఎక్కారు. నిన్ను పెంచిన నేను ఎవరో చేసింది నోట్లో పెట్టుకుని నిలబడ్డాను.

ఇవాళ ఎంగిలిపూల బతుకమ్మ. మంజూష కింద గునుగు పూలు పట్టుకుని పిలుస్తోంది, పోవాలి. పోయే ముందు ఒక పని చేశాను. మెడలో కత్తెర తీసేశాను. దారం కాదు, జర్దోసీ తీగ తీసుకున్నాను, లావుది. ముందుపంటికి ఆనించి కొరికాను. మొదటిసారి ఏమీ కాలేదు. రెండోసారి కళ్లు మూసుకుని కొరికాను.

పంటి మీది ముక్క అరచేతిలో పడింది నవీ. రేపు పొద్దున క్లినిక్కు తాళం తీయకముందే అక్కడ ఉంటాను.

నీ చిన్నమ్మ
హైమవతి